డాక్టర్ పియర్స్ మాత్రలు మానేశాడు, మా తమ్ముడూ మానేశాడు

గోదారిగట్టు
పర్సెప్షన్ అనే అమెరికా ధారావాహిక చూసినవాళ్లు ఇక్కడ ఎవరైనా ఉన్నారా? 2012 జులై నుంచి 2015 మార్చి వరకు టీఎన్‌టీ ఛానల్‌లో వచ్చింది. మూడు సీజన్లు, 39 భాగాలు. షికాగోలో డేనియల్ పియర్స్ అని ఒక నాడీశాస్త్ర ఆచార్యుడు. ఆయన పాత విద్యార్థిని కేట్ మొరెటి ఎఫ్‌బీఐలో పనిచేస్తూ, తెగని కేసులను ఆయన దగ్గరకు తెస్తుంది. పియర్స్‌కే స్కిజోఫ్రీనియా. లేని మనుషులు కనిపిస్తారు, వాళ్లతో మాట్లాడతాడు, ఆ మాటల్లోనే కేసుకు ఆధారం దొరుకుతుంది.

నా బాధ ఇది. మా తమ్ముడికీ అదే జబ్బు. ఇంజనీరింగ్ మూడో సంవత్సరంలో మొదలైంది. నాలుగేళ్లుగా మాత్రలు వేసుకుంటున్నాడు, బాగున్నాడు, ఒక చిన్న ఉద్యోగం కూడా చేసుకుంటున్నాడు. ఈ ధారావాహిక ఇద్దరం కలిసే చూశాం, నేనే పెట్టాను. ఒకరోజు భోజనాల దగ్గర అన్నాడు, "అక్కా, ఆయన మాత్ర వేసుకుంటే కేసు తేలదు, చూశావా?" అని. నేను నవ్వి ఊరుకున్నాను. కార్తీకమాసం వస్తోందని అమ్మ అటక మీది ప్రమిదల డబ్బా దించింది. అడుగునున్న ప్రమిదలో తెల్ల మాత్రలు. లెక్కపెడితే పందొమ్మిది. అప్పటికే వాడు రాత్రిళ్లు కిటికీ వైపు తిరిగి గొణుక్కోవడం మొదలైంది.

జబ్బు వల్లనే తెలివి, మందు వేసుకుంటే తెలివి పోతుంది అని చూపించే హక్కు ఈ కథలు రాసేవాళ్లకు ఎవరిచ్చారు?

నిజంనిష్ఠూరం
మీ కష్టం అర్థమైంది, కాని నేరం కథ మీద పెట్టకండి. దొంగతనాల సినిమా చూసినవాళ్లంతా దొంగలు కారు.

పదవినోది
నేను మూడు సీజన్లూ చూశాను. పియర్స్ గళ్లనుడికట్టు పూరిస్తాడు కదా, నన్ను పట్టుకున్నది అదే. ఒక చేతిలో పెన్సిల్, చెవుల్లో పాత క్యాసెట్ ప్లేయర్‌లో సింఫనీ. లోపల గోల ఎక్కువైనప్పుడు ఆయన తనను తాను నిలబెట్టుకునే పద్ధతి అది. మా తెలుగు గడులు చేసేవాళ్లకు ఆ స్థితి బాగా తెలుసు.

మల్లెపందిరి
నిజంనిష్ఠూరం గారూ, దొంగతనం సినిమా దొంగ ఒక్కడే చూడడు, అందరూ చూస్తారు. ఈ జబ్బు ఉన్నవాడు మాత్రం పియర్స్‌ను తన మనిషిగా చూస్తాడు. అసలు తెర మీద వాళ్లను మనుషులుగా చూపించేదే తక్కువ. కనిపించిన ఆ ఒక్కడు ఏం చేస్తే వాళ్లకూ అదే దారి అనిపిస్తుంది.

నల్లకోటు
గోదారిగట్టు గారూ, ముందు ఇది చెప్పండి. తమ్ముడు ఇప్పుడు ఎలా ఉన్నాడు? డాక్టరుకు చూపించారా?

గోదారిగట్టు
చూపించాం. మందు మళ్లీ మొదలైంది. ఇంట్లోనే ఉన్నాడు. మాట్లాడుతున్నాడు, నాతోనే కొంచెం తక్కువ. మాత్రల సంగతి డాక్టరుకు చెప్పింది నేనే అని కోపం.

తెల్లకోటు
మానసిక వైద్య విభాగంలో పనిచేస్తాను. చెప్పి మంచి పని చేశారు. కోపం తగ్గుతుంది, కంగారు పడకండి.

ధారావాహిక గురించి రెండు మాటలు. ఈ జబ్బులో ఎక్కువమందికి మనుషులు కనిపించరు, గొంతులు వినిపిస్తాయి. ఎవరో తిడుతున్నట్టు, తన గురించి ఇద్దరు మాట్లాడుకుంటున్నట్టు. ఉదయం లేచిన దగ్గరనుంచి "నువ్వు పనికిరావు" అని ఒకే మాట వినిపించేదని ఒకాయన చెప్పారు. అది తెర మీద చూపించలేరు కనుక పియర్స్‌కు మాత్రమే కనిపించే నాటలీ లాంటి అందమైన స్నేహితురాలిని పక్కన కూర్చోబెట్టారు. ఆమె ఎప్పుడూ తెలివైన సలహాయే ఇస్తుంది. నా దగ్గరకు వచ్చేవాళ్లలో అలాంటి గొంతు దొరికినవాళ్లు చాలా తక్కువ.

ఆ గొంతు ఆధారాలు ఇవ్వదు. నిద్ర లాక్కుంటుంది, అన్నం లాక్కుంటుంది, తల్లిని అనుమానించేలా చేస్తుంది.

పదవినోది
ఒకే చర్చలో నల్లకోటు, తెల్లకోటు. ఇంక మనకు ఏ భయమూ లేదు.

షికాగోశేషు
పదిహేనేళ్లుగా ఈ ఊళ్లోనే ఉంటున్నాను. పియర్స్ పాఠాలు చెప్పే షికాగో లేక్ మిషిగన్ విశ్వవిద్యాలయం కల్పితం. దాన్ని వెతుక్కుంటూ రాకండి, చలికి గడ్డకడతారు. ప్రతి భాగం మొదట్లో, చివర్లో వచ్చే ఆ తరగతి గది దృశ్యాలు మాత్రం నాకు చాలా ఇష్టం. వాటికి శాస్త్ర సలహాదారు డేవిడ్ ఈగిల్‌మన్ అనే నాడీశాస్త్రవేత్త. అందుకే అందులో చెప్పే వింత జబ్బులు చాలావరకు నిజంగా ఉన్నవే. గాలి కబుర్లు కావు.

మూడోఅంతస్తు
నిజమే. మొదటి భాగంలో మాట పోయిన రోగులకు అనుమానితుడి మాటలు వినిపించి అబద్ధం పట్టిస్తాడు పియర్స్. కట్టుకథ అనుకున్నాను. తర్వాత తెలిసింది, 2000లో నేచర్ పత్రికలో అచ్చంగా అలాంటి పరిశోధన వచ్చిందని. మెదడులో ఎడమవైపు దెబ్బతిని మాట అర్థం చేసుకునే శక్తి పోయినవాళ్లు, మనం మాటల్లో పడిపోయి గమనించని ముఖకవళికలను పట్టుకుంటారట. మామూలువాళ్లు బొమ్మా బొరుసా అన్నట్టు ఊహించినచోట వాళ్లు మెరుగ్గా చెప్పారు.

కొబ్బరిమట్ట
ఆ దృశ్యం చూసి నేను లేచి బయటకు వెళ్లిపోయాను. పక్షవాతం వచ్చాక మా నాన్నగారికి మాట పోయింది. "అదే, అదే" అన్న ఒక్క మాటే మిగిలింది. నీళ్లకూ అదే, కోపానికీ అదే. ఒకరోజు పక్కింట్లో రేడియోలో పోతన పద్యం వస్తుంటే, ఆయన మంచం మీద నుంచే మిగతా రెండు పాదాలు రాగంతో పూర్తి చేశారు. ఒక్క అక్షరం తప్పు లేదు. అమ్మ చేతిలో గరిట అలాగే ఉండిపోయింది. పద్యం అయ్యాక "ఇంకొకటి చదవండి" అంటే మళ్లీ "అదే".

తెల్లకోటు
కొబ్బరిమట్ట గారూ, అది చాలామందిలో చూస్తాం. మాట్లాడే మాట, పాడే మాట మెదడులో ఒకే దారిన రావు. పాట ద్వారా మాట తెప్పించే చికిత్స కూడా ఉంది. ఆయనకు రోజూ పద్యాలు వినిపించండి.

వరంగల్‌వాణి
మా నాయనమ్మ సంగతి చెబుతాను. తలకు దెబ్బ తగిలి ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చాక, నాన్న ఎదురుగా నిలబడితే "ఎవరు బాబూ నువ్వు, మా అబ్బాయి చొక్కా వేసుకున్నావు" అనేది. ముఖం మా అబ్బాయిదే కాని మనిషి వేరు అని ఒకటే పట్టు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ఒకరోజు నాన్న కరీంనగర్ నుంచి ఫోను చేస్తే "ఎక్కడికి పోయావు నాయనా, ఇంట్లో ఎవడో నీ వేషం వేసుకుని తిరుగుతున్నాడు" అని ఏడ్చింది. ఫోనులో గొంతును మాత్రం గుర్తుపట్టింది! అప్పటినుంచి నాన్న పక్కగదిలోకి వెళ్లి ఫోను చేసి, నాయనమ్మ మాట్లాడుతుండగానే లోపలికి నడిచి వచ్చేవాడు. కొన్నిసార్లు పనిచేసేది, కొన్నిసార్లు లేదు.

మూడోఅంతస్తు
వాణి గారూ, దానికి పేరుంది, కాప్‌గ్రాస్ భ్రాంతి. 1923లో ఫ్రాన్సు వైద్యుడు జోసెఫ్ కాప్‌గ్రాస్ దాన్ని వివరించాడు. మీరు చెప్పిన ఫోను సంగతికి వివరణ ఇచ్చినవాళ్లలో మన నాడీశాస్త్రవేత్త వి.ఎస్. రామచంద్రన్ ఉన్నారు. ముఖాన్ని గుర్తుపట్టే చోటు బాగానే ఉంటుంది, మమకారం పుట్టే చోటుకు అక్కడినుంచి వెళ్లే దారి తెగిపోతుంది. కళ్లు "అబ్బాయే" అంటాయి, గుండె పలకదు. అప్పుడు మనసు "అయితే వీడు మోసగాడు" అని తేల్చుకుంటుంది. చెవి నుంచి వెళ్లే దారి వేరు కనుక ఫోనులో మమకారం అలాగే ఉంది.

వరంగల్‌వాణి
పన్నెండేళ్లయింది నాయనమ్మ పోయి. ఇవాళ అర్థమైంది. నాన్నకు చదివి వినిపించాను. "అయితే మా అమ్మకు నా మీద ప్రేమ పోలేదన్నమాట" అన్నారు.

గోదారిగట్టు
వాణి గారూ, మీ మాట చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

నల్లకోటు
ఇలాంటి కథల మీద నాకు వేరే అభ్యంతరం ఉంది. మెదడును చూసి నేరం తేల్చవచ్చు అన్న నమ్మకం వీటి వల్ల పెరుగుతుంది. మన దేశంలో అది కథలో ఆగలేదు. తలకు తీగలు పెట్టి, నేరం తాలూకు వాక్యాలు చదివి వినిపించి, మెదడు విద్యుత్తు స్పందనల్లో "అనుభవంలోని జ్ఞాపకం" ఉందా లేదా అని చెప్పే పరీక్ష ఒకటి ఇక్కడే తయారైంది. 2008లో పూణేలో ఒక హత్య కేసు తీర్పులో ఆ పరీక్ష ఫలితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని యావజ్జీవం వేశారు. ప్రపంచమంతా నివ్వెరపోయింది. 2010 మే 5న సుప్రీంకోర్టు సెల్వి కేసులో గట్టిగా చెప్పింది, మనిషి ఒప్పుకోకుండా మత్తు ఇచ్చి ప్రశ్నించే నార్కో పరీక్ష గాని, అబద్ధం పట్టే పాలిగ్రాఫ్ గాని, ఈ మెదడు పరీక్ష గాని చేయకూడదని. తనకు వ్యతిరేకంగా తానే సాక్ష్యం చెప్పేలా ఎవరినీ బలవంతపెట్టరాదన్న రాజ్యాంగం 20(3) అధికరణానికి అది విరుద్ధం.

పియర్స్ ముఖం చూసి దోషిని చెప్పేస్తాడు. కోర్టులో నిలబడి అది చెప్పమంటే నేను రెండు ప్రశ్నలతో కూర్చోబెడతాను.

షికాగోశేషు
నల్లకోటు గారూ, పియర్స్ కూడా అదే అంటాడు కదా, మెదడు మనల్ని మోసం చేస్తుంది, కళ్లతో చూసిందంతా నిజం కాదు అని. ధారావాహిక పేరే అది, పర్సెప్షన్ అంటే మనకు తోచే తీరు. సాక్షి చూశానన్నంత మాత్రాన నమ్మవద్దని ఇంటిల్లిపాదికీ చెప్పిన కథ ఇది.

నల్లకోటు
ఆ మాట ఒప్పుకుంటాను. మా వాళ్లకు శిక్షణలో చూపించదగ్గ సంగతి అది.

నిజంనిష్ఠూరం
మళ్లీ అసలు విషయానికి వద్దాం. మందు వల్ల బుర్ర మొద్దుబారడం అబద్ధమా? మా బాబాయి వేసుకునేవాడు. పగలంతా గోడకు ఆనుకుని కూర్చునేవాడు, చేతులు వణికేవి, నోటినుంచి చొంగ కారేది. ఆయనను చూసినవాళ్లెవరూ పియర్స్‌ను తప్పుపట్టరు. ఇంకొకటి. ఆర్థికశాస్త్రంలో 1994 నోబెల్ అందుకున్న జాన్ నాష్ మీద 2001లో సినిమా వచ్చింది. అందులో నాష్ పాత్ర కొత్త మందులు వేసుకుంటున్నానని చెబుతుంది. అసలు నాష్ 1970 నుంచి మందు ముట్టలేదు. మంచి జరగాలని సినిమావాళ్లు అబద్ధం చెప్పారు. పియర్స్ కథలో కనీసం ఆ అబద్ధం లేదు.

తెల్లకోటు
మీ బాబాయి గారి బాధ నూటికి నూరుపాళ్లు నిజం. ఈ జబ్బుకు మొదటి మందు క్లోర్‌ప్రోమజీన్ 1952లో పారిస్‌లో వాడారు. ఆ తరం మందులకు చేతులు వణకడం, కాళ్లు బిగుసుకోవడం ఎక్కువ. తర్వాతి తరంలో ఆ బాధ తగ్గింది, బరువు పెరగడం, మత్తు వచ్చాయి. ఇదంతా మేము రోగులకు చెప్పాలి, చాలాసార్లు చెప్పం. అయిదు నిమిషాల్లో చీటీ రాసి పంపుతాం. అది మా తప్పు, ఒప్పుకుంటున్నాను. మందు పడకపోతే మోతాదు మార్చవచ్చు, మందే మార్చవచ్చు, వేళ మార్చవచ్చు. చెప్పకుండా ఒక్కసారిగా ఆపడం ఒకటే ప్రమాదం.

నాష్ సంగతి మీరు చెప్పింది సరే. అయితే ఆయన కోలుకోవడానికి దశాబ్దాలు పట్టింది, ఆ కాలమంతా పోయిన కాలమే. ఎవరు మందు లేకుండా నిలబడతారో ముందుగా చెప్పే పరీక్ష మా దగ్గర లేదు. మీరు నాష్ పేరు చెప్పారు, నేను ఎలిన్ సాక్స్ పేరు చెబుతాను. దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో న్యాయశాస్త్ర ఆచార్యురాలు. ఇదే జబ్బు. మందు మానడానికి ఎన్నోసార్లు ప్రయత్నించి ప్రతిసారీ కుప్పకూలానని 2007లో తన ఆత్మకథలో రాశారు. మందు వేసుకుంటూనే ఆచార్యురాలిగా ఉన్నారు, పుస్తకాలు రాశారు. పియర్స్ కన్నా ఆమె కథ తెర మీద రావాలని నా కోరిక.

ఆరోవరుస
ఇంతవరకు చదివి ఊరుకున్నాను. ఇప్పుడు రాస్తాను.

నాకు ఈ జబ్బు వచ్చి పదకొండేళ్లు. బడిలో లెక్కలు చెబుతాను. ఈ ధారావాహికను నేను తిట్టలేను. అంతకుముందు నేను చూసిన ప్రతి సినిమాలో నాలాంటివాడు కత్తి పట్టుకుని తలుపు చాటున ఉండేవాడు, లేదా నవ్వులపాలు అయ్యేవాడు. మొదటిసారి నాలాంటివాడు సుద్దముక్క పట్టుకుని నల్లబల్ల ముందు నిలబడ్డాడు. పిల్లలు వింటున్నారు. ఆ భాగం వెనక్కు తిప్పి మళ్లీ చూశాను.

ఇంకొక సంగతి డాక్టర్లు కూడా చెప్పరు. మొదటి సీజన్ చివర పియర్స్ ఆసుపత్రి పాలవుతాడు, మందు పడుతుంది, నాటలీ మాయమవుతుంది. ఆయన ముఖం చూడండి అప్పుడు. నాకు వినిపించే గొంతుల్లో ఒకటి మంచిది. ముసలావిడ గొంతు, "తిన్నావా" అని అడిగేది. మందు పడ్డాక తిట్టే గొంతులతో పాటు ఆవిడా పోయింది. అందరూ సంతోషించారు. నేను వంటింట్లో నిలబడి చాలాసేపు ఏడ్చాను. ఇంట్లో మనిషి పోతే పదిమంది వచ్చి పలకరిస్తారు, దీనికి ఎవరు వస్తారు?

గోదారిగట్టు గారూ, మీ తమ్ముడు తెలివి కోసమే మానేశాడని అనుకోకండి. ఎవరినో వెతుక్కుంటూ ఉండవచ్చు. అడగండి. నేను మాత్రం మందు మానలేదు. బడి ఉంది కదా.

మల్లెపందిరి
ఆరోవరుస గారూ, ఇంత కష్టాన్ని ఇంత స్పష్టంగా రాసినందుకు కృతజ్ఞతలు.

తెల్లకోటు
ఆరోవరుస గారూ, ఈసారి నా దగ్గరకు వచ్చేవాళ్లను అది అడుగుతాను. మాకు నేర్పిన ప్రశ్నల్లో అది లేదు.

నిజంనిష్ఠూరం
ముందు రాసిన దానిలో "ఎవరూ తప్పుపట్టరు" అన్న మాట వెనక్కు తీసుకుంటున్నాను. బాబాయిని అడగవలసింది ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు.

షికాగోశేషు
రెండో సీజన్‌లో కారొలిన్ న్యూసమ్ అనే వైద్యురాలు అచ్చం నాటలీ ముఖంతో ఉంటుంది, ఇద్దరి పాత్రలూ వేసింది కెల్లీ రోవనే. నిజమైన మనిషి పక్కనే ఉన్నా ఆయన మనసు లేని మనిషి వైపే లాగుతుంది. అప్పుడు నాకు విసుగు పుట్టింది. ఆరోవరుస గారు రాసింది చదివాక మళ్లీ చూడాలనిపిస్తోంది.

కొబ్బరిమట్ట
మీరందరూ మాక్స్‌ను మరచిపోయారు. మాక్స్ లెవికీ, పియర్స్ సహాయకుడు. వేళకు అన్నం పెడతాడు, పెన్సిళ్లు సర్దుతాడు, "అక్కడ ఎవరైనా ఉన్నారా?" అని పియర్స్ చూపు అడిగితే లేరని చెబుతాడు. నాన్నగారి దగ్గర రాత్రిళ్లు కూర్చునేదాన్ని కనుక నా కళ్లు ఎప్పుడూ అతని మీదే. కేసు తేలిన ప్రతిసారీ చప్పట్లు పియర్స్‌కు, కేట్‌కు. అతనికి ఒక భాగమైనా పూర్తిగా ఇవ్వవలసింది.

గోదారిగట్టు
రెండు వారాల తర్వాత రాస్తున్నాను. ఆరోవరుస గారు చెప్పినట్టు అడిగాను. మేడ మీద బట్టలు తీస్తూ, ముఖం చూడకుండా అడిగాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత చెప్పాడు. అది వాడి సంగతి, ఇక్కడ రాయను. తెలివి గురించి మాత్రం కాదు.

డాక్టరు దగ్గరకు మళ్లీ వెళ్లాం. పగలు మత్తుగా ఉంటోందని వాడే చెప్పాడు, వేళ మార్చారు. వాడికి ఆకలి పోయిందని ఇన్నాళ్లు అనుకున్నాం, నిద్రమత్తుట.

ధారావాహిక మీద నా కోపం పూర్తిగా పోలేదు. మందు వేసుకున్న పియర్స్ ఒక కేసైనా తేల్చేలా, దాన్ని గర్వంగా చూపించేలా రాసి ఉండాల్సింది. అందులో ఏం పోతుంది?

తెల్లకోటు
ఏమీ పోదు. రాత్రివేళ ఎవరికైనా గాభరాగా ఉండి మాట్లాడేవాళ్లు లేకపోతే టెలీమానస్ 14416. ప్రభుత్వానిది, డబ్బు అక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

పదవినోది
చర్చ బరువెక్కింది. పియర్స్ పేరు మీద ఒక ఆధారం ఇస్తున్నాను, పూరించండి. "అడవినుంచి తెచ్చిన దుంగ వెనుదిరిగి అక్షరాలు దిద్దించింది." మూడక్షరాలు.

మూడోఅంతస్తు
ఓనమాలు? నాలుగయ్యాయి, కాదు.

షికాగోశేషు
వెదురు? తిప్పితే "రుదువె". కాదు. వదిలేస్తున్నాను.

నల్లకోటు
రెండు రోజులుగా కక్షిదారుల ముందు కూడా ఇదే ఆలోచన. చెప్పేయండి.

పదవినోది
చెప్పను. ఇంకొక రోజు చూస్తాను.

డబ్బాలోప్రమిద
గోదారిగట్టు మా అక్క. చర్చ మొత్తం చదివాను. ఆరోవరుస గారికి విడిగా రాస్తాను.

అడవినుంచి తెచ్చిన దుంగ కలప. వెనక్కు తిప్పితే పలక.

ఇంకొకటి ఇవ్వండి, ఇది తేలిక.